విడుపు

ఆన్ ఆర్బర్, మిషిగన్
ఫిబ్రవరి 8

జగన్ అంకుల్‌కి,

మీ ఉత్తరం, దానితో పాటు మీరు ఎర్ర ఇంకుతో దిద్ది పంపిన నా పాత ఉత్తరం, రెండూ అందాయి. మన అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ గురించి ‘టొలీడో హెరాన్స్ ఈసారి మంచి ముసాయిదా చేయాలి’ అన్న నా వాక్యం చదివి మీనా ఆంటీ నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నారని రాశారు. డ్రాఫ్ట్ అన్న మాటకి నిఘంటువులో అదే ఉంది, నేనేం చేయను? ముసాయిదా కాగితాలకే గానీ కాలేజీ కుర్రాళ్ళకి కాదని ఇప్పుడు తెలిసింది. ఏటా టీములు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని తీసుకునే డ్రాఫ్ట్ ఇక నుంచి ఎంపిక. ట్రేడ్ అంటే వ్యాపారం కాదు, మారకం. ఒకణ్ణి ఇచ్చి ఇంకొకణ్ణి తెచ్చుకోవడం మారకం కాక మరేమిటి? ఈ మాట దొరికిన రోజు క్లాసులో కూడా దాన్నే చప్పరిస్తూ కూర్చున్నాను.

జార్జియా వెళ్ళేటప్పుడు మీరు పెట్టిన షరతు మొదట్లో నాకు శిక్షలా అనిపించింది. ట్రాయ్‌లో మా వెనక వీధిలో ఉన్నన్నాళ్ళూ ఆదివారం పొద్దున మీ బేస్‌మెంట్‌లో తెలుగు అక్షరాలు, మధ్యాహ్నం అక్కడే టీవీలో హెరాన్స్ ఆట. ఇకపై ఆ రెండూ ఉత్తరంలోనే జరగాలన్నారు. ఫోన్‌లో అయితే నేను ఇంగ్లీష్‌లోకి జారిపోతానని మీ అనుమానం. నిజమే, జారిపోతాను.

అసలు సంగతికి వస్తాను. లెస్టర్ ప్రూయిట్‌ని ఉంచాలా, వద్దా? మన క్వార్టర్‌బ్యాక్ కుడిచేత్తో బంతి విసురుతాడు కాబట్టి ఎడమ వైపు నుంచి మీద పడేవాళ్ళు అతనికి కనబడరు. కనబడని ఆ వైపు పదకొండేళ్ళుగా అడ్డం నిలబడుతున్నవాడు ప్రూయిట్. నాకూ ఇష్టమే. కానీ ముప్ఫై మూడేళ్ళు వచ్చాయి, మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయింది, జీతం చాలా పెద్దది. అన్ని టీములకీ జీతాల మొత్తం మీద ఒకటే హద్దు ఉంది గనక ఒకరికి ఎక్కువ ఇస్తే ఇంకొకరికి చోటు పోతుంది. మార్చి మధ్య దాటితే ఈ ఏడాది జీతం తప్పనిసరిగా ఇవ్వాలి. అందుకని ఆలోపే తేల్చాలి. నేను తేల్చేశాను. మీరు చెప్పండి.

ఇంటి సంగతులు అడిగారు. నాన్న ఆఫీసూ మీ ఆఫీసూ ఒకటి చేస్తున్నారని అమ్మ కంగారు పడుతోంది. నేను ఇక్కడే పుట్టాను గనక, వచ్చే ఏడాది ఆగస్టులో నాకు ఇరవై ఒకటి నిండితే నేనే వాళ్ళిద్దరి గ్రీన్ కార్డ్‌కి ఫైల్ చేయొచ్చు. అప్పటిదాకా నాన్న ఉద్యోగం నిలబడాలి, దాని మీద ఆధారపడ్డ హెచ్‌వన్‌బీ వీసా నిలబడాలి. ‘పదమూడేళ్ళు లైన్‌లో నిలబడ్డాం, ఇంకో ఏడాదిన్నర నిలబడలేమా’ అంటుంది అమ్మ. కొత్త గ్రూపుకి మీరే హెడ్ అని తెలిసిన రోజు ఇంట్లో పరమాన్నం చేసింది. నాన్న పేరు మీ చేతుల్లో ఉందంటే నాకూ నిశ్చింతగానే ఉంది.

మీ దిద్దుబాట్ల కోసం ఎదురుచూస్తూ,
స్మృతి


కమ్మింగ్, జార్జియా
ఫిబ్రవరి 22

చిరంజీవి స్మృతికి,

ఈసారి దిద్దడానికి నాకు పెద్దగా ఏమీ మిగల్చలేదు. కాస్త నిరుత్సాహపడ్డాను కూడా. ‘చప్పరిస్తూ’ అన్న చోట టిక్కు పెట్టాను, చూసుకో.

ప్రూయిట్ విషయంలో నీతో ఏకీభవించను. నీ అంకెలు సరైనవే. అయితే బంతి కదలకముందే పక్కనున్న కుర్రాడికి ఎక్కడ నిలబడాలో అతను చెప్తూ ఉంటాడు. అది ఏ అంకెలోకి వస్తుంది? అతను లేని మూడు ఆటల్లోనూ పక్కవాడు తికమకపడి నిలబడిపోయాడు. నువ్వు ఆ తప్పుల్ని పక్కవాడి ఖాతాలో వేశావు. ఆటగాళ్ళని కొలవడంలో ఇదే చిక్కు. పదేళ్ళుగా నీతో కలిసి మార్కులు వేస్తున్నాను, ఎంపిక జరిగిన వారానికి వేసిన మార్కుల్లో మూడేళ్ళ తర్వాత నిలబడ్డవి సగం కూడా లేవు.

నీకొక ప్రశ్న. ఒక ఆటగాడున్నాడు. చెడ్డగా ఆడడం లేదు. ఇంకో ఏడాదిన్నర ఉంటే చాలు, తర్వాత తన దారి తను చూసుకుంటాడు. అదే చోటికి తక్కువ జీతానికి ఒక కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు, చురుకైనవాడు. పైవాళ్ళు ఒక్కణ్ణే ఉంచుకోమన్నారు. నువ్వే టీమ్‌ని కూర్చే జనరల్ మేనేజర్‌వి అనుకుని ఏం చేస్తావో రాయి. వ్యాసం అక్కర్లేదు, నీకు తోచింది రాయి చాలు.

ఆఫీసు విలీనం ఇంకా ఒక కొలిక్కి రాలేదు. కంగారు పడొద్దని మీ అమ్మతో చెప్పు. ఇక్కడ వాన విడవడం లేదు. మీ ఆంటీకి మోకాళ్ళ నొప్పులు, నాకు మీటింగులు.

ఆశీస్సులతో,
జగన్మోహన్


ఆన్ ఆర్బర్
మార్చి 5

జగన్ అంకుల్‌కి,

మీ ప్రశ్నకి జవాబు: ఉంచను.

ముందుగా చిన్న దిద్దుబాటు, ఈసారి నా వైపు నుంచి. ఫుట్‌బాల్‌లో ఏడాదిన్నర అంటూ ఉండదు, ఒక సీజనో రెండు సీజన్లో ఉంటాయి. మీరు తొందరలో రాసినట్టున్నారు. రెండు సీజన్లు అనుకుని ఆలోచించాను.

ఆ రెండు సీజన్లూ పెద్దాయన బాగానే ఆడతాడనుకుందాం. ఆ తర్వాత వెళ్ళిపోతాడు. అప్పటికి కుర్రాడు విసిగిపోయి ఇంకో టీమ్‌లో చేరి ఉంటాడు. టీమ్‌కి ఇద్దరూ దక్కరు. వదలాల్సిన మనిషిని ఏడాది ఆలస్యంగా వదలడం కన్నా ఏడాది ముందు వదలడం నయం. ఆయనకి ఇంకా కావాలనుంటుంది, నిజమే. కానీ ఆయన అవసరం టీమ్ అవసరం కాదు కదా. జాలి పడి చోటు ఆపితే టీమ్‌లో మిగతావాళ్ళందరికీ అన్యాయం చేసినట్టే. ఇది రాయడానికి నేను తడుముకోలేదు. మంచి జనరల్ మేనేజర్‌ని అవుతాననుకుంటాను.

తడుముకున్నది మాట దగ్గర. రిలీజ్ చేశారనడానికి తెలుగులో ఏమనాలి? ‘తీసేశారు’ అంటే బియ్యంలో రాయి ఏరి పారేసినట్టు ఉంది. ‘వదిలేశారు’ అంటే దారిలో దింపేసి వెళ్ళినట్టు. ‘పంపించేశారు’ అంటే కోపం వినబడుతోంది. రెండు రోజులు వెతికాను. శనివారం ఇంటికి వెళ్తే దానంతటదే దొరికింది. పాత కారు అమ్మనని నాన్న మొండికేస్తే అమ్మ, ‘ఈ మనిషికి పట్టు తప్ప విడుపు లేదు’ అంది. విడుపు! నేను అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తి రాసుకున్నాను. ఎంత మెత్తగా ఉందో చూడండి అంకుల్. పిడికిలి తెరిచినట్టు ఉంది. అందులో ఎవరి తప్పూ లేదు. ప్రూయిట్‌ని తీసేయొద్దు, ప్రూయిట్‌కి విడుపు ఇవ్వాలి. మీకు నచ్చిందా?

అన్నట్టు, నాన్నతో పనిచేసే నీరజ్ అన్నయ్య ప్రతి ఆదివారం ఇంటికి వస్తున్నాడు. కొత్త గ్రూపులో వాడాల్సిన పద్ధతులు అతనికి బాగా వచ్చు, పాత కార్ల సాఫ్ట్‌వేర్ సంగతులు నాన్నకి వచ్చు. ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. కొలిక్కి వచ్చాక నాన్న సంగతి ఒక్క ముక్క రాయండి, అమ్మకి చదివి వినిపిస్తాను.

మాటల మత్తులో,
స్మృతి


కమ్మింగ్
మార్చి 21

చిరంజీవి స్మృతికి,

నీ మాటే నెగ్గింది. ప్రూయిట్‌ని మనవాళ్ళు వదులుకున్నారు. టీవీలో జనరల్ మేనేజర్ చాలాసేపు అతన్ని పొగిడాడు. అంత పొగిడినవాడు ఎందుకు వదులుకుంటున్నట్టో అని మీ ఆంటీ అడిగింది. ఆటలో అంతేనన్నాను.

విడుపు చాలా మంచి మాట. నాకు తట్టలేదు. ఇన్నేళ్ళు నేర్పినవాణ్ణి, ఇప్పుడు నీ దగ్గర నేర్చుకుంటున్నాను. ఆ పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. నీ జవాబు కూడా. అందులో సంకోచం లేదు. నీ వయసులో అలాగే ఉండాలి కాబోలు.

పని ఎక్కువగా ఉంది. ఎంపిక రాత్రి ఎవరిని తీసుకున్నారో చూసి నీ మార్కులు పంపు.

జగన్మోహన్


ఆన్ ఆర్బర్
ఏప్రిల్ 27

జగన్ అంకుల్‌కి,

మీ ఉత్తరం మరీ చిన్నదిగా ఉంది. దిద్దుబాట్లు కూడా పంపలేదు. ఆంటీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

ఎంపిక చూశారా? మన వంతు పంతొమ్మిదోది. తొమ్మిదో వంతు కోసం ఈ ఏడాది రెండో రౌండూ, వచ్చే ఏడాది మొదటి రౌండూ ఇచ్చేశారు. అలా ముందుకి జరిగి టేలన్ బ్రిగ్స్‌ని తెచ్చుకున్నారు. లెఫ్ట్ టాకిల్, అంటే ప్రూయిట్ నిలబడ్డ చోటే, ఇరవై ఒక్కేళ్ళు, చేతులు ఎంత పొడుగో! కుర్రాడికి పదికి తొమ్మిది వేస్తాను. మారకానికి మాత్రం ఐదే. వచ్చే ఏడాదికి దాచిన విత్తనాలు కూడా ఇప్పుడే తినేసినట్టు ఉంది. ఇక వేగంగా పరిగెత్తి బంతి అందుకునే మన రిసీవర్‌ని మూడో రౌండ్ కోసం మారకం వేయడం తెలివితక్కువ పని, దానికి మూడు. అయినా కుర్రాణ్ణి చూసి మొత్తం మీద ఏడు. మీరు నాకన్నా ఒకటి తక్కువే వేస్తారని నాకు తెలుసు, ఎప్పుడూ అంతే.

మూడో రోజు ఆఖరి రౌండ్ కూడా చూశాను. ఎవరూ తీసుకోని కుర్రాళ్ళ ఇళ్ళలో కెమెరాలు ఉండవని ఈ ఏడే గమనించాను. వాళ్ళ ఇళ్ళలో కూడా కేకులు తెచ్చి పెట్టుకుని ఉంటారు కదా.

నాన్న ఈ మధ్య బాస్కెట్‌బాల్ కూడా చూడకుండా పడుకుంటున్నాడు. అడిగితే ఆఫీసులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు అన్నాడు. ‘జగన్ ఉన్నాడుగా’ అంటుంది అమ్మ. నాన్న ‘ఉన్నాడు’ అని ఊరుకుంటాడు.

ఒక్క ముక్క రాయండి.

స్మృతి


ట్రాయ్, మిషిగన్
మే 24

అంకుల్,

సెలవులకి ఇంటికి వచ్చాను. మీ నుంచి ఉత్తరం రాలేదు. ఎందుకు రాలేదో గురువారం తెలిసింది.

ఆ రోజు నాన్న మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ కూర కలుపుతోంది, తిరిగి చూడకుండానే ఏమైందని అడిగింది. నాన్న చెప్పిన క్రమంలోనే రాస్తున్నాను. హెచ్‌ఆర్ వాళ్ళ కన్నా ముందు మీరే ఫోన్ చేశారట. రెండు ఆఫీసులకీ కలిపి ఆ పని మీద ఒక్కరే ఉండాలన్నారని, నీరజ్ ఉంటున్నాడని చెప్పారట. జూన్ నెలాఖరు దాకా జీతం వస్తుందట. ఆ తర్వాత ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి వీసాకి రెండు నెలల గడువు.

అమ్మ పొయ్యి ఆపేసింది. ‘ఫోన్‌లో ఇంకేమన్నాడు?’ అని అడిగింది.

నాన్న గుర్తు తెచ్చుకుని చెప్పాడు. “‘విశ్వం, దీన్ని తీసేయడం అనుకోకు, విడుపు అనుకో’ అన్నాడు.” తర్వాత నా వైపు తిరిగాడు. “విడుపేంటమ్మా? నువ్వు తెలుగు చదువుతున్నావుగా, నాకేం అర్థం కాలేదు.”

“ఫుట్‌బాల్ మాట, నాన్నా” అన్నాను.

అది నేను వెతికిన మాటని, అమ్మ నోటి నుంచి ఏరుకుని మీకు కానుకగా పంపానని చెప్పలేకపోయాను. నాన్న తలూపి, ‘ఓహో’ అని బూట్లు విప్పడానికి వెళ్ళాడు.

పై గదిలోకి వచ్చి మీ ఉత్తరాలన్నీ తీసి చదివాను. ఏడాదిన్నర. అది తొందరలో రాసింది కాదు. నేను దాన్ని దిద్దాను. దిద్ది, రెండు సీజన్లు అనుకుని, ఉంచనని రాశాను. ‘ఆయన అవసరం టీమ్ అవసరం కాదు’ అని కూడా రాశాను. నా దస్తూరి చక్కగా ఉండాలని ఆ వాక్యాన్ని రెండుసార్లు రాసుకుని మరీ ఎక్కించాను.

మీరు నన్ను ఎవరి గురించి అడుగుతున్నారో చెప్పి అడగాల్సింది. అలా అడిగితే నేను ఇంకోలా చెప్పేదాన్ని. అందుకే చెప్పకుండా అడిగారా?

ఆదివారం నీరజ్ అన్నయ్య వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి ఏడ్చాడు. నాన్న అతన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మిగిలిన రెండు మాడ్యూళ్ళు కూడా చెప్పాడు. అమ్మ కాఫీ ఇచ్చి పైకి వెళ్ళిపోయింది.

స్మృతి


కమ్మింగ్
జూన్ 14

చిరంజీవి స్మృతికి,

నీ ఉత్తరం అందింది. దిద్దడానికి ఏమీ లేదు.

బ్రిగ్స్ గురించి మంచి మాటలు వినబడుతున్నాయి. అడుగులు తేలిగ్గా పడుతున్నాయని, ప్రాక్టీసులో ఇప్పటికే పెద్దవాళ్ళని ఆపుతున్నాడని చెప్తున్నారు. నీ మార్కులు చూశాను. ఈసారి నేను కూడా ఏడే వేస్తాను, ఆరు కాదు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయాలని మూడు కాగితాలు పాడు చేశాను. పైవాళ్ళు నన్ను ఒక పేరు అడిగారు. నా ముందు రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి నా స్నేహితుడిది కాబట్టి నా ఆలోచన మీద నాకే నమ్మకం లేకపోయింది. అవి ఎవరి పేర్లో తెలియనివాళ్ళు ఏమంటారో వినాలనిపించింది. నిన్నే ఎందుకు అడిగానంటే, నువ్వు ఉంచమంటావని ఆశ ఉండింది. అనలేదు. నీ లెక్కలో తప్పు పట్టలేకపోయాను. ఆ రాత్రి మీ ఆంటీకి కూడా చదివి వినిపించాను. ఆమె, చిన్నపిల్లని అడిగి చేస్తావా అని లేచి వెళ్ళిపోయింది.

ఫోన్ చేసినప్పుడు నాకు ఇంకే మాటా దొరకలేదు. ఉన్నవాటిలో అదే మెత్తగా ఉంది.

విశ్వానికి ఇప్పుడు ఫోన్ చేసినా తీయడం లేదు. తప్పు లేదు. నువ్వు మాత్రం ఉత్తరాలు మానకు. తెలుగు మర్చిపోతావు.

జగన్మోహన్


ట్రాయ్
సెప్టెంబర్ 20

జగన్మోహన్ గారికి,

నమస్కారం. మీరూ మీనా ఆంటీ క్షేమమని తలుస్తాను. వేసవంతా రాయనందుకు మన్నించండి.

మొదట ఆట సంగతి. మూడు ఆటలు అయ్యాయి. క్వార్టర్‌బ్యాక్‌ని బ్రిగ్స్ వైపు నుంచి ఎవరూ పడగొట్టలేదు. అతను పొరపాట్లు చేస్తున్నాడు, మళ్ళీ చేయడం లేదు. ప్రూయిట్‌ని ఏ టీమూ తీసుకోలేదు. ఒక టీమ్ పిలిచి మోకాలు చూసి పంపేసిందని పేపర్లో చిన్న వార్త వచ్చింది. మన లెక్క సరిపోయింది. మార్కులు మార్చాల్సిన పని లేదు. అది తప్పని తేలితే బాగుండునని ప్రతి ఆటా చివరిదాకా చూశాను. ఆ కుర్రాడు కాలు జారాలని కోరుకున్నాను. అతను జారలేదు, నాకే సిగ్గు వేసింది.

ఆగస్టులో గడువు ముగిసేలోపు నాన్నకి ఉద్యోగం దొరకలేదు. విజిటర్ స్టేటస్‌కి అప్లై చేసి కొన్నాళ్ళు ఆగుతున్నారు. ఇల్లు అమ్మకానికి పెట్టారు. వచ్చే ఆగస్టుకి నాకు ఇరవై ఒకటి వచ్చేసరికి వాళ్ళు ఈ దేశంలో ఉంటారో లేదో తెలియదు. లేకపోతే నేను ఇక్కడి నుంచి ఫైల్ చేసి, వాళ్ళు అక్కడ ఎదురుచూడాలి. అమ్మ ఇంట్లో సామాను తగ్గిస్తోంది. ఏ వస్తువు చేతికి వచ్చినా దాన్ని కాసేపు పట్టుకుని నిలబడుతోంది. నాన్న ఇంటర్వ్యూలకి నా వయసు వాళ్ళు పెట్టే పరీక్షలు రాస్తున్నాడు. నిన్న ఒక ప్రశ్నకి జవాబు తోచక నన్ను అడిగాడు. నాకూ రాలేదు.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తాను. ఇండియానాలో ఒక చిన్న కంపెనీ నాన్నని దాదాపు తీసుకోబోతోంది. వీసా కాగితాలు కూడా వేస్తామన్నారు. పాత కంపెనీలో నాన్నకి ఆఖరున మేనేజర్‌గా ఉన్న మీతో ఒకసారి మాట్లాడాలన్నారు. మీ నంబర్ ఇవ్వడానికి నాన్న ఒప్పుకోలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మొన్న రాత్రి నా గది తలుపు దగ్గర నిలబడి, “నువ్వయితే తెలుగులో మర్యాదగా రాయగలవు, జగన్‌కి ఒక ఉత్తరం రాసి పెట్టమ్మా” అన్నాడు. అన్నాక వెళ్ళిపోకుండా, ‘మీనాని అడిగానని కూడా రాయి’ అన్నాడు. రాశాను.

ఈ నెలాఖరులో వాళ్ళు మీకు ఫోన్ చేస్తారు. నాన్న పనితనం గురించి అడుగుతారు. అది మీకు తెలుసు, దానిలో నేను చెప్పాల్సింది లేదు. చివర్లో మాత్రం అందరినీ అడిగే ప్రశ్న ఒకటి ఉంటుందట: మళ్ళీ అవకాశం వస్తే ఈయన్ని తీసుకుంటారా అని. దయచేసి అవునని చెప్పండి.

చెప్పేముందు ఆగకండి. ఆగితే అవతలివాళ్ళకి తెలిసిపోతుంది.

ఇట్లు,
విశ్వనాథం గారి అమ్మాయి
స్మృతి